అల్ సువైక్ తోటలో రంగు గుడ్డలు కట్టిన ఖర్జూరాలు

గురువారం రాత్రి డ్యూటీ దిగి రూమ్‌కి రాగానే అన్నయ్య ఫోన్ చేశాడు. కోనసీమలో మా అయిదుగురు తోబుట్టువులకీ కలిపి ఉన్నది ఎకరం కొబ్బరితోట. సోమవారం సర్వేయరు వస్తాడట, అయిదు ముక్కలు చేసి రాళ్లు పాతేస్తారట. "మా పిల్లలిద్దరికీ ఇళ్లు కావాలి కదే రూతూ. మనుషులు పెరిగారు గానీ నేల పెరగలేదు. నువ్వొక్కదానివే ఊఁ అనాలి" అన్నాడు. తప్పేం లేదు, ఆ పిల్లల్ని ఎత్తుకుని పెంచినదాన్ని నేనే. అయినా ఊఁ అనబుద్ధి కాలేదు. ఆలోచించుకుని చెప్తానని పెట్టేశాను. ఆలోచన తెమలనప్పుడు ఊరు తిరగడం నాకు అలవాటు. మా ఆసుపత్రిలో చేతికి కుట్లు వేయించుకుని వెళ్లిన, సువైక్‌లో ఖర్జూరపు తోటలో పనిచేసే గంగన్న, "పండ్లు పండినప్పుడు మా తోటకు రావాలక్కా" అని పిలిచి ఉన్నాడు. శనివారం సెలవు. జూలై నెల, పళ్ల కాలం. ఇంకేం కావాలి!

ఒమాన్‌లో నేనుండే అల్ ఖౌద్ నుంచి తెల్లవారకముందే పెద్ద రోడ్డు మీదికొచ్చి షేర్ టాక్సీ ఎక్కాను. మనిషికి రియాలున్నర తీసుకున్నారు. సువైక్‌కు గంట పైచిలుకు. కుడిపక్క ఎక్కడో సముద్రం ఉంది, కానీ కనబడదు. దాని ఆవిరి మాత్రం తెల్లగా రోడ్డు మీదికి వచ్చి, ఖర్జూరపు చెట్ల మొదళ్లను దాచేసి తలలు మాత్రం మిగిల్చింది. అద్దానికి తల ఆనించి సగం నిద్రలో చూస్తుంటే ఆ తలలు కొబ్బరిమొవ్వుల్లా అనిపించి, టాక్సీ మా కాలవగట్టు మీద పోతోందనే అనుకున్నాను. డ్రైవరు హిందీలో "సిస్టర్, సువైక్" అనేదాకా నేను ఒమాన్‌లో లేను.

గంగన్నది జగిత్యాల వైపు పల్లె. తోట పికప్‌లో వచ్చి ఎక్కించుకున్నాడు. మెయిన్ రోడ్డు నుంచి సముద్రం వైపు పది నిమిషాలు. తోట గేటు దగ్గర దిగగానే దాహమేసి, పక్కన నీళ్లు కారుతున్న పైపు కింద దోసిలి పట్టబోయాను.

"అయ్యో, అవి తాగకక్కా! అవతలి తోటవి. నోట్లె పోసుకోలేవు, ఉప్పు" అన్నాడు గంగన్న.

వద్దంటే ఆగే బుద్ధి నాకెప్పుడుంది? ఒక్క గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశాను. అటు చూస్తే వరసగా ప్రహరీలు. ఒక్కో గోడ వెనక ఒక్కో కొత్త ఇల్లు, ఒక్కో మోటారు. మధ్యలో తలలు రాలిపోయిన ఖర్జూరపు మోళ్లు, నేల మీద తెల్లటి పొర.

ఇవతలి తోట వేరే లోకం. చల్లటి ఆకుపచ్చ నీడ, పసుపు ఎరుపు గెలలు. ప్రతి చెట్టు నడుముకీ ఒక రంగు గుడ్డ. గాలికి అవన్నీ మెల్లగా ఊగుతున్నాయి.

తోట యజమానిని వీళ్లంతా అర్బాబ్ అంటారు. ముసలాయన చాపమీద కూర్చోబెట్టి, గెల నుంచి అప్పుడే దించిన మెత్తటి పళ్లు, చిట్టి కప్పులో కహ్వా, అంటే అరబ్బు కాఫీ, ఇచ్చాడు. ఆ గుడ్డలేమిటని అడిగాను. వచ్చీరాని హిందీలో చెప్పాడు: "నాకు తొమ్మిదిమంది పిల్లలు. చెట్లు పంచాను, నేల పంచలేదు. ఎరుపు పెద్దకూతురివి, నీలం చిన్నవాడివి. బావి మాత్రం ఒక్కటే."

"అటుపక్క?"

"నా తమ్ముడిది. వాడు నేల పంచాడు. కొడుకులు గోడలు కట్టారు, ఎవరి బావి వాళ్లు తవ్వారు. అందరూ తోడితే సముద్రం నేల లోపలికి రాదా?" నవ్వాడు. "నాకూ దిగులే బిడ్డా. మనవలొచ్చారు. కొన్ని చెట్లకు రెండేసి గుడ్డలు పడ్డాయి, చూడు."

చూశాను. ఒక చెట్టుకు నీలం మీద పసుపు. మా తోటకూ సముద్రం ఎంతో దూరం లేదు. ఉన్నది ఒక్క బోరు. అయిదు ముక్కలైతే ఎన్ని బోర్లో లెక్క అడగక్కర్లేదు. భయం వేసింది, నిజంగా.

మధ్యాహ్నం గంగన్న వండిన పప్పు, అన్నం తిని, ఆ నీడలోనే ఓ కునుకు తీశాను. ఎండ తగ్గాక తిరుగు టాక్సీలో కూర్చుని అన్నయ్యకి ఫోన్ చేసి, ఆ గుడ్డల సంగతంతా చెప్పాను.

"నా వాటాకొచ్చే నేల రోడ్డువారగా తీసి పిల్లలిద్దరికీ ఇచ్చేయ్. అక్కడే ఇళ్లు కట్టుకోమను. బోరు మాత్రం వేయొద్దు, ఉన్నదాంట్లోంచే నీళ్లు తీసుకోమను. మిగిలిన నేల కొయ్యొద్దన్నయ్యా. చెట్లు పంచుకుందాం."

"మరి నీకేం మిగుల్తాదే పిచ్చిదానా?"

"ఒక్క చెట్టివ్వు చాలు. గుడ్డ కట్టి ఉంచు."

అన్నయ్య అడిగాడు. "ఏ రంగు కట్టమంటావ్?"

కిటికీ బయట మళ్లీ ఆవిరి లేచింది. చెట్ల మొదళ్లు కరిగిపోయి తలలే మిగిలాయి. ఇంట్లో మనిషి పెరిగినప్పుడల్లా నేల ఇంకో గీత ఓర్చుకోవాలి. ఆ గీత గోడ కాకుండా గుడ్డ అయితే, కనీసం విప్పి మళ్లీ కట్టుకోవచ్చు. మా తోటలోనూ ఏదో ఒకరోజు చెట్టుకు రెండు గుడ్డలు పడతాయని నాకు తెలుసు. ఆ రోజుకి బోరులో నీళ్లు తియ్యగా ఉంటే చాలు.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క సూచన: జూన్, జూలైల్లో ఎండ ముదరకముందే తోటకు చేరండి, ఇంట్లో ఎవరికైనా చెప్పాల్సిన "ఊఁ" ఉంటే తిరిగొచ్చాకే చెప్పండి.