బ్యాటు పట్టడానికి పద్నాలుగు సూత్రాలు

తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు, నెలనెలా జీతం తీసుకుని చేసే పనే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను. ఇంకొకరు వారాల తరబడి కూర్చుని రాసిన ప్రోగ్రాములో లొసుగు ఎక్కడుందో నా కాఫీ చల్లారేలోపు చెప్పగలను. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఈ గుణాన్ని తెగ మెచ్చుకునేవాడు. ఇప్పుడు దాని గురించి ఏమీ మాట్లాడడు.

ఇంత గుణవంతురాలి కడుపున పుట్టిన మా అమ్మాయి పదేళ్ళ వయసులో బేస్‌బాల్ ఆడతానంది. అమెరికాలో మేముండే ఆష్‌బర్న్‌లో పిల్లల లీగులో ఆ వయసువాళ్ళు ఆడా మగా కలిసే ఆడతారు. మైదానం డేటా సెంటర్ల వెనకాల ఉంటుంది. ఆ కిటికీల్లేని గోడల వైపు నుంచి రోజంతా ఒకటే రొద. మొదటి నెల నేను క్యాంపు కుర్చీలో కూర్చుని, ఆ రొద వింటూ, ఫోన్లో ఆఫీసు మెయిళ్ళు చూసుకునేదాన్ని. నిజానికి ఆ నెలే మా అమ్మాయి బాగా ఆడింది.

దాని బ్యాటు ఊపు చూడ్డానికి వింతగా ఉండేది. బంతి వస్తుంటే వాన నీటి గుంట దాటుతున్నట్టు ముందుకాలు ఎత్తి వేసేది. నడుము ముందు తిరిగేది, భుజాలు దాని వెనక, చేతులు ఆఖర్న వచ్చేవి. కొట్టాక ఒళ్ళంతా ఒక చుట్టు తిరిగి, నెత్తి మీది హెల్మెట్ పక్కకి జారి ఒక కన్ను మూసుకుపోయేది. ఆ ఒంటికన్నుతోనే పరిగెత్తేది. ఎవరూ నేర్పలేదు. బంతి మాత్రం తగిలేది, ఆటగాళ్ళు లేని చోట చూసుకుని మరీ పడేది.

వాళ్ళ కోచ్ పగలంతా జనాల ఇళ్ళలో పైపులు బాగుచేసే మనిషి. ఆయన పాఠం మొత్తం రెండే ముక్కలు: బంతిని చూడమనేవాడు, కొట్టమనేవాడు. సిలబస్ లేని మాస్టారిని నేను జన్మలో చూడలేదు. ఒకరోజు పట్టుకుని, మా అమ్మాయి ఏ విషయాల్లో మెరుగుపడాలో చెప్పమన్నాను. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించి, ఏమీ లేదండీ, సరదాగా ఆడుతోంది కదా అన్నాడు. తల్లి అడిగినదానికి ఇదా జవాబు?

ఇక్కడి మా తెలుగువాళ్ళలో ఒక అలవాటుంది. పిల్లలకి ఏదైనా రాకపోతే ట్యూషన్ పెట్టిస్తాం. వస్తే ఇంకా పెద్ద ట్యూషన్ పెట్టిస్తాం. లెక్కలకైనా, స్పెల్లింగుకైనా, చదరంగానికైనా ఇదే పద్ధతి. బేస్‌బాల్‌కి మాత్రం మినహాయింపు ఎందుకివ్వాలి? అందుకని ఒక గోడౌనులో, వలల మధ్య, బ్యాటింగ్ మాత్రమే నేర్పే ఒక ట్రైనర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బ్యాటు అడుగున ఒక చిన్న సెన్సర్ తగిలించి, వీడియో తీస్తూ, ఇరవై బంతులు కొట్టించాడు. ముందుకాలు కాస్త తక్కువ ఎత్తితే బాగుంటుంది, అదీ వచ్చే ఏడాది చూసుకోవచ్చు, తొందరేం లేదు అన్నాడు. ఒక్క విషయమే చెప్పాడు.

ఆ వీడియో నా ఫోనుకి పంపడమే ఆయన చేసిన పొరపాటు.

ఇంటికొచ్చి దాన్ని నెమ్మదిగా నడిపించి చూశాను. అంత నెమ్మదిగా చూస్తే దేవుడిలో కూడా తప్పులు కనిపిస్తాయి. యూట్యూబులో పెద్ద ఆటగాళ్ళ ఊపులు పక్కన పెట్టుకుని పోల్చాను. రెండు రోజుల్లో పద్నాలుగు లోపాలు తేలాయి. ఆఫీసులో చేసినట్టే పట్టిక వేశాను: రావలసిన ఫలితం, వచ్చిన ఫలితం, పాస్, ఫెయిల్. ఒకటోది పాదాల మధ్య దూరం. ఐదోది నడుము. తొమ్మిదోది వెనక మోచెయ్యి. పద్నాలుగోది, కొట్టాక హెల్మెట్ జారకపోవడం. ప్రింటు తీసి, ప్లాస్టిక్ పూత వేయించి, ఫ్రిజ్ తలుపుకి అంటించాను. మా ఇంట్లో పాలు తాగాలన్నా పద్నాలుగు సూత్రాలూ దాటి వెళ్ళాల్సిందే.

అది చూసి మా ఆయన, కొడుతోంది కదా, ఇదంతా దేనికి అన్నాడు. కొడుతోంది, కానీ తప్పుగా కొడుతోంది అన్నాను. ఆ రోజు ఆ మాట నాకు ఎంతో తెలివైన మాటలా అనిపించింది.

ఇక ఆటల దగ్గర నా కుర్చీ కంచె పక్కకి మారింది. మిగతావాళ్ళకి అర్థం కాకూడదని తెలుగులోనే అందించేదాన్ని: మోచెయ్యి, నడుము, తల కదపకు, నడుము. మూడో ఆటకల్లా పక్కన కూర్చునే అమెరికన్ తల్లులు నడుము అంటే తెలుగులో శభాష్ లాంటిదనుకున్నారు. వాళ్ళ పిల్లలు బ్యాటుతో దిగినప్పుడు కూడా గట్టిగా నడుము, నడుము అని అరిచి ఉత్సాహపరిచారు. ఒకావిడ నాకేసి తిరిగి బొటనవేలు ఎత్తి చూపించింది కూడా. నేను సరిదిద్దలేదు. నా జీవితంలో సరిదిద్దకుండా వదిలేసిన తప్పు బహుశా అదొక్కటే.

మా అమ్మాయి కొట్టడం మానేసింది. మొదట బంతి అంచుకి తగిలి పక్కకి పోయేది. తర్వాత తగల్లేదు. ఆ తర్వాత అసలు బ్యాటు కదలడమే లేదు. పాదాలు సరిగ్గా, నడుము సరిగ్గా, పుస్తకంలో బొమ్మలా నిలబడేది. బంతి ముందు నుంచి వెళ్ళిపోయేది. అంపైర్ చెయ్యి లేపేవాడు. మూడుసార్లు అలా జరిగి ఔటయ్యాక తల దించుకుని వచ్చి బెంచి చివర కూర్చునేది. నా పట్టికలో మాత్రం మార్కులు పెరుగుతూ వచ్చాయి.

ఒక బుధవారం ఫ్రిజ్ దగ్గర నిలబడి, పాల డబ్బా పట్టుకుని, నాకేసి చూడకుండా చెప్పింది. "అమ్మా, నేను నంబర్ నైన్‌కి వచ్చేసరికి బాల్ వెళ్ళిపోతుంది. సాటర్‌డే లాస్ట్ గేమ్ కదా. ఫాల్‌కి నన్ను సైన్ అప్ చెయ్యకు. ఐ యామ్ నాట్ గుడ్ యట్ ఇట్."

సరేలే, ఆలోచిద్దాం అన్నాను. గ్లాసు ఖాళీ చేసి మేడ మీదకి వెళ్ళిపోయింది. రెండు నెలల కిందట నిద్రలో కూడా బ్యాటు వదలని పిల్ల.

ఇదంతా వింటూ డైనింగ్ టేబుల్ దగ్గర మా అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆర్నెల్లు ఉండి వెళ్దామని ఏప్రిల్‌లో వచ్చింది. రాజమండ్రిలో ఆడపిల్లల స్కూల్లో ముప్పై ఏళ్ళు సంగీతం టీచరుగా చేసి రిటైరైంది. మనవరాలి ఆటకి ప్రతి శనివారం వచ్చేది, చలికి శాలువా, ఎండకి మా ఆయన టోపీ, రెండూ ఒకేసారి వేసుకుని. ఎవరు గెలుస్తున్నారని రెండుసార్లు అడిగి, నా వివరణ విని, ఇక అడగడం మానేసింది. ఆటలో ఆవిడకి తెలిసింది ఏమీ లేదని నేననుకున్నాను.

"అది ఇంతకు ముందు బంతి కొట్టేటప్పుడు నోరు తెరిచేది, గమనించావా?" అంది.

నేను గమనించలేదు. నా పద్నాలుగింటిలో నోరు లేదు.

"ఇప్పుడు పళ్ళు బిగబట్టి నిలబడుతోంది. దవడ బిగిస్తే ఊపిరి కిందికి దిగదే. నీకూ పన్నెండో ఏట ఇలాగే బిగిసింది. ఆ తర్వాత నువ్వు పాడలేదు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాకు గొంతు లేదని ఊరందరికీ తెలుసు. నేనే చెప్పాను. సంగీతం టీచరు కూతురు ఒక పాటైనా పాడదేమిటని పేరంటాల్లో ఎవరడిగినా నవ్వుతూ, గొంతంతా మా అమ్మే వాడేసుకుంది, నాకు మిగల్లేదు అనేదాన్ని. జనం నవ్వేవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా బాగా పనిచేసిన జవాబు అది. ఇప్పుడూ అదే అందించాను.

అమ్మ నవ్వలేదు. "గొంతు లేక కాదు. నువ్వు స్నానం చేస్తూ పాడుకుంటుంటే నేను వంటింట్లో స్టవ్వు తగ్గించి మరీ వినేదాన్ని. అంతలోనే తలుపు దగ్గరికొచ్చి, గాంధారం పడిపోతోంది చూసుకో అనేదాన్ని. స్నానాల గదిలో కూడా వదల్లేదు నిన్ను."

నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు ఆగి, చిక్కుడుకాయల మధ్య చెప్పాల్సిన మాటా ఇది? కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి, వాటి మీద ఇంకా కోపం వచ్చింది. అయితే ఏదీ నేర్పకూడదంటావా, నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు కచేరీలు చేయడం లేదా అని నిలదీశాను.

"నేర్పాలి. ఒకటి చెప్పి, అది వాళ్ళ ఒంట్లో కలిసిపోయేదాకా నోరు మూసుకోవాలి. ఊళ్ళో పిల్లల దగ్గర మూసుకున్నాను. నువ్వు నా కూతురివి, నా వల్ల కాలేదు."

మిగిలిన చిక్కుడుకాయలు నేను కూడా కూర్చుని ఒలిచాను. నేను తీసిన ఈనెలు సగంలో తెగిపోతున్నా అమ్మ ఏమీ అనలేదు.

ఫ్రిజ్ మీది కాగితం పీకేశాను. మేడ మీదకి వెళ్ళి, నేను చెప్పినవన్నీ మర్చిపోమని మా అమ్మాయికి చెప్పాను. అది సీరియస్‌గా మొహం పెట్టి, అది ఫిఫ్టీన్తా అని అడిగింది. వెటకారమైనా బాగుండేది. నేర్పినదాన్ని వెనక్కి తీసుకునే విద్య నా పద్దెనిమిదేళ్ళ అనుభవంలో ఎక్కడా లేదు. శనివారం నువ్వు రావద్దు అని కూడా అంది. చాలాసేపు బేరమాడాక, అవతలి కంచె బయట, తనకి నా మాట వినిపించనంత దూరంలో కూర్చోవడానికి ఒప్పుకుంది.

ఆ శనివారం అమ్మ నాతోపాటే అవతలి కంచె దగ్గరికి వచ్చి, ఒడిలో జంతికల డబ్బా పెట్టుకుని కూర్చుంది. మా అమ్మాయి బ్యాటు పట్టుకుని వచ్చినప్పుడల్లా ఒక జంతిక నా చేతికిచ్చేది. నోరు నిండుగా ఉంటే మాట రాదని ఆవిడ నమ్మకం. నేను చిన్నపిల్లనా అనబోయి, నోట్లో జంతిక ఉండటంతో అనలేకపోయాను.

మొదటిసారి మా అమ్మాయి నిలబడి చూస్తూ ఔటైంది. బంతి రాకముందే కంచె వైపు, నేను మామూలుగా ఉండే చోటు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. చూసి కూడా బిగుసుకునే నిలబడింది. ఇది నేను చేసిన పని, ఇంకెవరి మీదా వేయడానికి లేదు.

రెండోసారి వచ్చినప్పుడు ఆట దాదాపు అయిపోవచ్చింది. అవతలి పిల్లవాడు విసిరిన బంతి నెత్తి కంటే ఎత్తుగా వచ్చింది. ఏ పట్టిక ప్రకారం చూసినా వదిలేయాల్సిన బంతి. మా అమ్మాయి కాలెత్తి, ఒళ్ళంతా తిప్పి, గాలిని కొట్టి, హెల్మెట్ ఎగిరిపోగా మట్టిలో కూలబడింది. అదే ముందు నవ్వింది. బెంచి మీది పిల్లలు నవ్వారు, అంపైర్ నవ్వాడు. లేచి, వెనక మట్టి దులుపుకుని, మళ్ళీ నిలబడింది. తర్వాతి బంతి మెత్తగా తగిలి నేల మీద దొర్లుకుంటూ పోయింది, మొదటి బేస్ చేరేలోపే ఔటైంది.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "నోరు తెరిచింది, చూశావా?"

చూశాను. ఈసారి నాకు కనిపించింది అదొక్కటే.

కారులో ఎవరూ ఆట గురించి ఎత్తలేదు. నేను ఎత్తలేదని గర్వంగా చెప్పుకోవచ్చు, మూడు సిగ్నళ్ళ దాకా పెదవి కొరుక్కున్నాను. ఆకులు రాలేవేళ మొదలయ్యే ఫాల్ సీజన్ గురించి కూడా అడగలేదు. అడిగితే వద్దంటుందేమోనని భయం వేసింది.

మర్నాడు సాయంత్రం మా అమ్మాయి బ్యాటు తీసుకుని, బకెట్ నిండా బంతులతో పెరటి తలుపు దగ్గర నిలబడింది. నాన్న ఏదో ఫోన్ కాల్‌లో ఉన్నాడట. ఫాల్ కోచ్‌కి తన స్వింగ్ చూపించాలట, ప్రాక్టీస్ కావాలట, నేను బంతులు వేయాలట. మాట్లాడకూడదట. గిన్నెలు సింకులోనే వదిలేసి, చేతులు చున్నీకి తుడుచుకుంటూ బయటికి నడిచాను.

నేను జన్మలో బంతి విసిరి ఎరగను. మొదటిది సగం దూరంలో పడింది. రెండోది కంచె దాటి పక్కింట్లో పడింది. మూడోది నా కాలి మీదే పడింది. మా అమ్మాయి బ్యాటు కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, పద్దెనిమిదేళ్ళుగా జీతం తీసుకుంటున్నది దానికే. దగ్గరికొచ్చి నా మోచెయ్యి పట్టుకుని పైకెత్తింది, పాదం తన పాదంతో జరిపింది, భుజం తిప్పింది. ఇంకేదో చెప్పబోయి నా మొహం చూసింది. నేను పళ్ళు బిగబట్టి నిలబడి ఉన్నాను.

నా చెయ్యి వదిలేసింది.

"వద్దులే అమ్మా. నీకు వచ్చినట్టు వెయ్యి," అంది.

నలభై మూడేళ్ళలో నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. బంతి తీసుకుని, నాకు వచ్చినట్టే వేశాను.