బండికి కొసరు

మొన్నామధ్య మా మేనల్లుడు కొత్త పికప్ బండి కొంటూ, కాగితాలు చదివి పెట్టమని నన్ను వెంటబెట్టుకుని గాజువాక దాటాక హైవే పక్కనున్న షోరూంకి తీసుకెళ్ళాడు. తీరా చూస్తే కాగితాలేమీ లేవు, అన్నీ వాడి ఫోన్లోనే ఉన్నాయి. అద్దాల గోడలు, చల్లటి గాలి, చేతిలో పలకలాంటిది పట్టుకుని దాని మీద వేలితో ఇటూ అటూ తోస్తున్న ఒక అమ్మాయి. "ఆఫర్ ఆటోమేటిగ్గా వచ్చేసింది సార్" అంది. అడక్కుండానే తగ్గించేశారట. అడక్కుండా తగ్గించిన ధర కూడా ఒక ధరేనా? నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి బండి చుట్టూ తిరిగాను, వచ్చి కూర్చున్నాను, మళ్ళీ లేచాను. "ఓ చోట కూకోవేటి మావయ్యా" అని మేనల్లుడు విసుక్కున్నాడు. చివరికి ఆ అమ్మాయి మిఠాయి డబ్బా నా చేతిలో పెట్టి, "ఇంకేమైనా కావాలా అంకుల్?" అంటే, నాకు తెలియకుండానే నా నోట్లోంచి "కొసరు?" అని వచ్చేసింది. పాపం ఆ పిల్ల, అదేదో బండికి తగిలించే సామాను అనుకుని పలకలో వెతకడం మొదలుపెట్టింది. దొరకలేదని ఎవరినో అడగడానికి కూడా వెళ్ళింది. ఈలోగా నేను ఎనభైల్లోకి వెళ్ళిపోయి, పోర్టు రోడ్డులో ఒక టీ బడ్డీ ముందు బల్ల మీద మా బావ పక్కన కూర్చున్నాను.

బావంటే మా అక్క మొగుడు, ఈ మేనల్లుడి తండ్రి. స్టీలు ప్లాంటుకి పోయిన ఊళ్ళలో వాళ్ళదొకటి. గొలుసులు పట్టుకుని వచ్చి పొలం కొలిచారు, కాగితం మీద ఒక రేటు రాశారు, కింద సంతకం పెట్టమన్నారు. బావకి సంతకం వచ్చు. అయినా ఉక్రోషం కొద్దీ వేలిముద్ర వేసి వచ్చాడు. ఆ తర్వాత గాజువాకలో రెండు గదుల అద్దె ఇల్లు. పొలం లేని రైతుని మీరు దగ్గర్నుంచి చూశారో లేదో నాకు తెలియదు. తెల్లవారకముందే లేస్తాడు, వెళ్ళడానికి చోటుండదు. మా బావ బస్టాపు దాకా వెళ్ళి, బస్సు దిగే ఎవరినో తీసుకెళ్ళడానికి వచ్చినవాడిలా కాసేపు నిలబడి తిరిగొచ్చేవాడు. అన్నం ముందు కూర్చున్నా మోకాలు ఊగుతూనే ఉండేది. ఎడ్లను అమ్మేశాడు గాని పగ్గాలు అమ్మలేదు. అవి వంటింటి గోడకి మేకు మీద వేలాడుతుండేవి. అటుగా వెళ్ళినప్పుడల్లా వాటిని ఒకసారి ముట్టుకునేవాడు. భూమి డబ్బు కూడా అచ్చం బావలాగే ఒకచోట కుదురుగా ఉండలేదు. ఒక చుట్టం వైద్యానికి కొంత, ఇంకో చుట్టం పడవకి కొంత నడిచి వెళ్ళిపోయింది. మిగిలిందైనా పోకముందే ఒక బండి కొనాలని అక్క పట్టుబట్టింది. హార్బరు నుంచి చేపలూ ఐసూ, సంతల నుంచి కూరగాయలూ వేసుకుని తిరిగితే ఆయన కాళ్ళకి ఒక దారి దొరుకుతుందని ఆవిడ ఆశ. "ఈయన్ని ఇలాగే ఒగ్గేత్తే నడిసి నడిసి ఓ రోజు సముద్రంలోకి దిగిపోతాడ్రా" అంది నాతో. అక్క వేళాకోళాల మనిషే గాని ఆ మాట మాత్రం వేళాకోళానికి అనలేదు.

ఆ రోజుల్లో చేతిలో డబ్బుంటే బండి వచ్చేది కాదు. పేరు రాయించుకుని, పెళ్ళి సంబంధం కోసం చూసినట్టు ఉత్తరం కోసం చూడాలి. ఏడాది దాటాక కార్డు ముక్క వచ్చింది. ఫలానా రోజు సాయంత్రం నాలుగు గంటల్లోగా వచ్చి డబ్బు కట్టాలి, లేకపోతే వంతు జాబితాలో తర్వాతి పేరుకి పోతుంది. నేనప్పుడు పోర్టు దగ్గర ఒక సరుకుల ఆఫీసులో గుమస్తాని. ఇంగ్లీషు వచ్చని నా చేత సెలవు పెట్టించారు.

ఇక్కడ మా బావ గురించి ఇంకో సంగతి చెప్పాలి. వాళ్ళ నాన్న పశువుల సంతల్లో పేరుమోసిన బేరగాడు. ఆయన దగ్గర బావ నేర్చుకున్న చదువంతా ఎద్దుల బేరమే. దానికి మూడు సూత్రాలు. ఎద్దు ఎంత నచ్చినా అమ్మేవాడి ముందు మెచ్చుకోకూడదు. వంకలు పెట్టాలి. చివరికి తుండు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోవాలి. పది అడుగులు వేసేలోగా అమ్మేవాడు "ఓ బావో, ఇలా రా" అని పిలుస్తాడు. అసలు బేరం అప్పుడు మొదలవుతుంది. పిలవని అమ్మకందారుని బావ తన జన్మలో చూడలేదు.

పొద్దున్నే అక్కతో సహా ముగ్గురం వెళ్ళాం. షోరూం అంటే పెద్ద రేకుల షెడ్డు. మధ్యలో తెల్లగా, కొత్త రంగు వాసన కొడుతూ మా బండి. వెనక పైకప్పు లేని చిన్న తొట్టి, ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్. అక్క దాన్ని చూడగానే నోరు తెరవబోయి, సూత్రం గుర్తొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. మేనేజరు మద్రాసు నుంచి వచ్చిన పెద్దమనిషి. నుదుట విభూతి, జేబుకి రెండు కలాలు, ముఖాన నవ్వన్నది లేదు. బావ బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "కళ్ళు సిన్నవి" అన్నాడు లైట్లు చూసి. టైరుని కాలితో తన్ని, "ఎనక కాళ్ళలో బలం నేదు" అన్నాడు. "తెల్ల తోలు, మాసిపోద్ది" అన్నాడు. మేనేజరు గారు ఏం చేశారనుకున్నారు? కలం తీసి ఆ ఫిర్యాదులన్నీ వరసగా రాసుకున్నారు. రాసుకుని, ఒక్కోదానికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. లైట్ల వెలుతురు ఇంత దూరం పడుతుంది, వెనక ఇరుసు ఇంత బరువు మోస్తుంది అని. బావ బిత్తరపోయాడు. "సర్లెండి, ఎంతకిత్తారు?" అన్నాడు.

"ఫిక్స్‌డ్ రేటండీ. గోడ మీద రాసి ఉంది."

బావ ముఖం ఎర్రబడింది. ఆ రెండు ఇంగ్లీషు మాటల కోపం ఎక్కడిదో నాకు తెలుసు. భూమి కొలిచిన రోజున కూడా ఎవరో అదే అన్నారు. బావ తుండు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. వెనక అక్క, డబ్బు సంచీ కొంగు కింద దాచుకుని. ఆ వెనక నేను. బావ అడుగులు చిన్నవిగా వేశాడు. పది అయ్యాయి, ఇరవై అయ్యాయి, రోడ్డు కూడా దాటేశాం. ఎవరూ పిలవలేదు.

ఎదురుగా ఉన్న టీ బడ్డీ బల్ల మీద కూర్చున్నాం. "పిలుత్తాడు" అన్నాడు బావ. టీ తాగాం. "మాటాడుకోవాల కదా, పెద్దోళ్ళని అడగాల. పిలుత్తాడు." ఇంకో టీ. ఎండ బల్ల మీదికి వచ్చింది, మేం జరిగాం. ఖనిజం లారీలు పోతుంటే ఎర్రటి దుమ్ము మా గ్లాసుల్లో పడుతోంది. బావ లేచి కాలుగాలిన పిల్లిలా బస్టాపు దాకా వెళ్ళి వచ్చాడు. షోరూం గుమ్మంలో ఎవరు కదిలినా మెడ సాగదీసేవాడు, వెంటనే చూడనట్టు సముద్రం వైపు తిరిగేవాడు. అక్కడినుంచి సముద్రం కనపడదు. నాకూ కాళ్ళు ఊరికే ఉండలేదు. మధ్యాహ్నం దాటాక, "పోనీ బావా, రాసిన రేటుకే తీసేసుకుందాం" అన్నాను. నా వైపు తిరిగాడు. "ఒరే బామ్మర్దీ, మనం అమ్మినప్పుడూ ఆళ్ళ రేటే. కొన్నప్పుడూ ఆళ్ళ రేటేటి? మరి నా రేటెప్పుడురా?" అన్నాడు.

సిగరెట్టు వంకతో లేచి, చాటుగా షోరూంలోకి వెళ్ళాను. "ఒక్కసారి పిలవండి సార్, చాలు. పరిగెత్తుకుని వస్తాడు" అని బతిమాలాను. మేనేజరు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "నేను పొమ్మనలేదండీ. ఆయనే వెళ్ళారు. ఎందుకు పిలవాలి?" అన్నారు. నిజమే మరి, వెళ్ళిపోయిన మనిషి వెళ్ళిపోయాడనే ఎవరైనా అనుకుంటారు. బల్ల మీద తర్వాతి పేరు తాలూకు ఫైలు సిద్ధంగా పెట్టి ఉంది. ఎవరో కాంట్రాక్టరట, వచ్చి వరండాలో కూర్చున్నాడు కూడా. నేను తిరిగి వచ్చి ఇంకో టీ చెప్పి కూర్చున్నాను.

పోర్టులో నాలుగు గంటల సైరను మోగింది. బావ కదల్లేదు. మోకాలు ఊగడం మానేసింది. అప్పుడు అక్క లేచింది. "కూకో, పిలుత్తాడు" అన్నాడు బావ నేల చూస్తూ.

"పిలవడు మావా. భూమి తీసుకున్నోళ్ళు పిలిసేరేటి? ఈయనా పిలవడు. నువ్విక్కడే కూకో. నాను ఎల్తన్నాను" అని రోడ్డు దాటేసింది. ఆవిడ వెనకే మేమిద్దరం పరిగెత్తాం.

మేనేజరు గారు తల ఎత్తి గోడ మీది గడియారం చూశారు. నాలుగుకి పది నిమిషాలు తక్కువ. "టైముందండీ, కూర్చోండి" అన్నారు. ఆ గడియారం పది నిమిషాలు వెనక ఉంది. మా బావ సత్యసంధుడు, సైరను మోగిపోయిందని చెప్పడానికి నోరు తెరిచాడు. అక్క ఆయన కాలి బొటనవేలు తొక్కింది. ఆ తొక్కుడుకి బావ రెండు రోజులు కుంటుతూ తిరిగాడు.

అక్క సంచీ బల్ల మీద పెట్టింది గాని చెయ్యి తియ్యలేదు. "బాబూ, గోడ మీద రాసిన రేటే ఇత్తాం. ఒక్క పైసా తగ్గించొద్దు. మరి కొసరేటిత్తారు?" అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. తూకం అయ్యాక చేపలమ్మి గంపలోంచి తీసి పైన పడేసే రెండు చిన్న కవళ్ళ చేపలు, కూరగాయలమ్మి చేతికిచ్చే కొత్తిమీర, వాటికీ మోటారు బండికీ పొత్తేమిటి? కాని అక్క వదల్లేదు. "నిమ్మకాయలు కొన్నా కొసరేత్తారు. భూమి తీసుకున్నోళ్ళు ఎయ్యనేదు. మీరైనా ఎయ్యండి. ఏటిచ్చినా పర్లేదు. ఈయన సేతిలో ఎట్టండి" అంది.

మేనేజరు గారి కలం ఆగింది. "ఏమన్నారు? కొసరా?" అన్నారు. అప్పుడు ఆ ముఖంలో ఎక్కడినుంచి వచ్చిందో, పళ్ళన్నీ కనపడేంత నవ్వు వచ్చింది. "మా ఊళ్ళోనూ ఇదే మాటండీ. కొసురు అంటాం. మా అమ్మ కరివేపాకు కొసురు లేకుండా కూరలవాణ్ణి గుమ్మం దాటనివ్వదు" అన్నారు. అని, పాపం, నిజంగానే వెతకడం మొదలుపెట్టారు. సొరుగులు లాగారు. రసీదు పుస్తకాలు, గుండుసూదులు. షెడ్డులో ఉన్నవన్నీ కంపెనీ లెక్కలో ఉన్నవే, ఒక్క బోల్టు ఇచ్చినా ఆయన ఉద్యోగానికే ముప్పు. తల గోక్కుంటూ పైకి చూశారు. "ఆ గడియారం నా సొంతం. నేనే కొని తగిలించాను. తర్వాత వెనకబడింది, అంత ఎత్తుకి నిచ్చెన లేక సరిచెయ్యలేదు" అన్నారు. అంటే ఆ పది నిమిషాల సంగతి ఆయనకీ తెలుసన్నమాట. ఇద్దరు పనివాళ్ళు బండిని గోడ దాకా తోశారు. మేనేజరు గారు చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి, మా బండి తొట్టిలోకి ఎక్కి నిలబడి గడియారం దింపారు. ఆ బండి మోసిన మొట్టమొదటి బరువు ఆయనే. దాన్ని తుడిచి, రెండు చేతులతో బావకి అందించారు. బావ తుండు తీసి నడుముకి కట్టుకుని, ప్రసాదం తీసుకున్నట్టు తీసుకున్నాడు. "బండి బాగుందండీ. సానా బాగుంది" అన్నాడు. బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోవడం ఎందుకు?

ఆ బండి పద్దెనిమిదేళ్ళు తిరిగింది. పాతూరులో గుడ్డలు కుట్టే సాయిబు గారొకరు టార్పాలిన్ కుట్టి ఇచ్చారు, దాన్ని ఎడ్ల పగ్గాలతోనే కట్టేవాడు బావ. హార్బరు, ఐసు ఫ్యాక్టరీ, జాలరిపేట, సంతలు. ఎక్కడికి వెళ్ళినా స్టీలు ప్లాంటు గోడ పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే ఒకచోట గేరు తగ్గించేవాడు. ఎందుకని నేను అడగలేదు. ఇంట్లో మాత్రం మోకాలు ఊగడం మానేసింది, అన్నం నిదానంగా తినేవాడు. గడియారం పగ్గాలు తీసేసిన మేకుకే తగిలించాడు. "సరిసేత్తే కొసరు పోద్ది" అని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. దాని బ్యాటరీ సెల్లు మార్చినప్పుడల్లా రేడియో వార్తలు పెట్టుకుని, సరైన టైము తెలుసుకుని మరీ పది నిమిషాలు వెనక్కి తిప్పేవాడు. దాని పుణ్యాన నేను ఆ ఇంటి నుంచి ఎన్ని బస్సులు తప్పిపోయానో దేవుడికే తెలియాలి.

బావ ఒక ఉదయం పెద్దాసుపత్రిలో పోయాడు. అక్క రాత్రంతా ఉండి, స్నానం చేసి వస్తానని అప్పుడే ఇంటికి వెళ్ళింది. డాక్టరు చేతి గడియారం చూసి, పదీ ఇరవై అని కాగితం మీద రాశాడు. నేను వెంటనే అక్కడి ఫోన్లోంచే ఇంటికి చేసి, టైముతో సహా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, గుమస్తా బుద్ధి. అక్క, "మన గడియారంలో ఇంకా పదీ పదే అయిందిరా" అంది. "ఇంకా ఉన్నాడు మీ బావ. ఫోను ఎట్టేకు."

పెట్టలేదు. ఆ గడియారంలో పదీ ఇరవై అయ్యేదాకా ఇద్దరం అలాగే పట్టుకుని ఉన్నాం. అందరికీ కొలిచి మాత్రమే ఇచ్చే కాలం, మా అక్కకి ఆ పది నిమిషాలూ పైన వేసింది.