మంగ్లా ట్రాక్టరు తప్పు మా బావది కాదు

మా బావ పోయాడు. మొన్న ఆదివారం పొద్దున రైల్వే షెడ్డు కూత వినబడగానే అలవాటుకొద్దీ లేచి కూర్చుని, "ఏటే, కేరేజీ కట్టీసావా?" అని అక్కనడిగి మళ్ళీ వెనక్కి వాలిపోయాడట. మరి లేవలేదు. ఆ రోజు డ్యూటీ లేదన్న సంగతి కూడా గుర్తులేనంత జ్వరం. మూడు రోజుల్లో అంత మనిషినీ పట్టుకుపోయింది.

అర్పా నది ఒడ్డున చితి ఇంకా మండుతుండగానే షెడ్డువాళ్ళలో ఒక పెద్దాయన అన్నాడు: "ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆ చెయ్యి తప్పు చెయ్యలేదు. ఆ మంగ్లా ట్రాక్టరొక్కటే, పాపం." అందరూ తలలూపారు. నేనూ ఊపాను. అవునండీ, సిగ్గులేకుండా నేనూ ఊపాను! ఆ ట్రాక్టరు తప్పు నాది. నాలుగేళ్ళుగా బావ పేరు మీద ఊరంతా తిరుగుతోంది. ఆయన ఉండగా నోరు విప్పలేదు కాబట్టి ఇప్పుడు కాగితం మీద ఏడుస్తున్నాను. ఆయన్ని ఎరిగినవాళ్ళంతా ఇది చదవాలి.

బావ లోకో షెడ్డులో ఫిట్టరు. విజయనగరం పక్క పల్లె నుంచి కుర్రతనంలోనే బిలాస్‌పూర్ వచ్చేశాడు. అక్కను చేసుకున్న రెండేళ్ళకు నన్నూ రప్పించి, వేగన్ల ఇరుసులకు నూనె పోసే పనిలో పెట్టించాడు. తార్‌బహార్ బస్తీ వెనక మా క్వార్టర్లు రెండూ ఒకే గోడకు అటూ ఇటూ. చలికాలం డ్యూటీ దిగి వస్తూ ఇంజను లోంచి పట్టిన వేడినీళ్ళు డబ్బాలో తెచ్చేవాడు, అక్క మోకాళ్ళకు కాపడం పెట్టుకోవడానికి. "బాయిలరు నీళ్ళు, సెప్తన్నాను, ఒళ్ళు కాల్చుకోకు" అని రోజూ ఒకే మాట. అక్క రోజూ, "అచ్ఛా, తెలీదు మరి నాకు!" అని మూతి తిప్పేది. ఆ ముచ్చటకి నవ్వుకోని రోజు లేదు మా ఇంట్లో.

పని దగ్గర మాత్రం వేళాకోళం లేదు. విప్పిన ప్రతి నట్టునూ పాత చీరగుడ్డ మీద విప్పిన వరసలోనే పేర్చేవాడు. నేను తొందరపడి సుత్తి ఎత్తితే చాలు, కళ్ళెర్రజేసేవాడు. "సుత్తి పక్కనెట్రా. ముందు సేత్తో అడుగు, అదే సెప్తాది ఏటయిందో."

ఇక ట్రాక్టరు సంగతి. యుద్ధం రోజుల్లో మంగ్లా మాల్‌గుజారు, అంటే ఆ ఊరి భూస్వామి, ఎక్కడినుంచో పాత ట్రాక్టరొకటి కొనితెచ్చాడు. ఇనప చక్రాలది. నడపడానికి లింగియాడీహ్ అనే ఊరి మనిషిని పెట్టాడు. అంతకుముందు లారీ నడిపినవాడు, భార్యా నలుగురు పిల్లలూ ఉన్నవాడు. నూనెలూ గ్రీజులూ చూడమని మాల్‌గుజారు నన్ను పిలిచాడు. రైల్వేవాడు కదా, అన్నీ తెలుసనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. బావకు చెప్పకుండా రెండు ఆదివారాలు వెళ్ళి వచ్చాను.

వేగన్ ఇరుసు పెట్టెలో నూనెలో నానిన నూలు పీచు జడలా పేని కుక్కుతాం. ఇరుసు రోజంతా తిరుగుతూ ఆ పీచులోంచి నూనె లాక్కుంటుంది. నాకు తెలిసిన విద్య అదొక్కటే. ట్రాక్టరు ముందు ఇరుసుకి రెండు చివర్లా నిలువు మేకులుంటాయి, వాటి మీదే ముందు చక్రాలు కుడికీ ఎడమకీ తిరుగుతాయి. ఆ మేకుకి గ్రీజు దిగే రంధ్రంలో, ఒకవైపు, ఇంత పీచు పేని కూరాను. నూనె పట్టి ఉంచుతుందని మురిసిపోయాను కూడా. అసలక్కడ కావలసింది నూనె కాదు, చిక్కటి గ్రీజు. నా పీచు దానికి బిరడా అయి కూర్చుంది. దానికి తోడు వాన పడ్డాక బురదనీళ్ళు పీల్చింది.

తొలకరికి ట్రాక్టరు పొలంలో దిగింది. మూడో రోజు స్టీరింగు తిరగక, తిన్నగా పోయి గట్టును గుద్దింది. డ్రైవరే గుద్ది ఇరుసు వంచేశాడని మాల్‌గుజారు మండిపడ్డాడు. పనిలోంచి పొమ్మన్నాడు. ఆ మనిషి వారం రోజులు ఆ వాకిట్లోనే కూర్చున్నాడు, ఇంటికెళ్ళి పెళ్ళానికేం చెప్పాలో తెలియక. అప్పుడు బావను పిలిపించారు. బావ నన్ను సాయం రమ్మన్నాడు. రానని చెప్పడానికి సాకు దొరక్క, పనిముట్ల సంచీ మోసుకుంటూ వెంట నడిచాను.

బావ స్టీరింగు ముట్టుకోలేదు. రైలు పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కలు పేర్చి, జాకీతో ముందుభాగం లేపించాడు. చక్రాలు రెండూ చేత్తో తిప్పాడు, గిర్రున తిరిగాయి. ఇరుసు ఈ చివరినుంచి ఆ చివరికి దారం లాగి కట్టి, నేలమీద పడుకుని చూశాడు. వంపు లేదు. లేచి హిందీలో, "ఇరుసు సీదాగా ఉంది మాలిక్. మీ మనిషి దీన్ని వంచలేదు" అన్నాడు. తరవాత రెండు చక్రాల్నీ కలిపే కడ్డీ విప్పేశాడు. ఎడమ చక్రం తలుపులా అటూ ఇటూ ఆడింది. కుడిది నలుగురం పట్టినా కదలలేదు. రోగం దొరికింది.

నేను సమ్మెట అందుకున్నాను. "ఆగరా. బిగిసిపోయినదాన్ని కొడితే పగబడతాది. నాననీ" అని కిరసనాయిలు పోసి రెండు రోజులు వదిలేశాడు. మూడోనాడు బ్లోలాంపుతో చుట్టూ కాచి, ఇత్తడి కడ్డీ ఆనించి చిన్న చిన్న దెబ్బలు వేస్తూ పోతే, తుప్పు రాలుతూ మేకు కిందికి జారింది. రంధ్రంలోకి తీగ పెట్టి లాగాడు. నల్లటి పీచు జడ బయటికొచ్చింది.

అలా పేనేది మా వేగన్లవాళ్ళే. బావ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఒక్క క్షణం. ఆ చూపులో కోపం ఉంటే బతికిపోదును!

మాల్‌గుజారు, "ఇదేమిటి?" అన్నాడు. అప్పటికి నాది ఇంకా టెంపరరీ ఉద్యోగం. బయటి పని చేశానని మా ఆఫీసుకు ఒక్క మాట చేరితే ఇంటికి పోవాలి. మా ఆవిడ బాలింత. నేను నోరు తెరిచేలోగా, తెరిచేవాణ్ణని చెప్పుకుంటున్నాను గానీ ఏమో, బావ అనేశాడు: "నేనే పెట్టమన్నాను మాలిక్. నా పొరపాటు. డ్రైవరుది ఏమీ లేదు."

అబద్ధమాడని మనిషి, నా కోసం ఆడాడు. అంతమందిలో మాల్‌గుజారు "ఇదేనా రైల్వే మిస్త్రీల తెలివి" అంటే తలవంచుకుని నిలబడ్డాడు. డ్రైవరుకి పని తిరిగొచ్చింది. మాట షెడ్డుదాకా పాకింది. ఆ ఏడు బావకు రావలసిన పెద్ద పోస్టు ఇంకొకరికి పోయింది. దీనివల్లనో కాదో కనుక్కోడానికి నాకు ధైర్యం చాల్లేదు. అక్కకు కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రం నడిచి వస్తుంటే దారిలో అన్నాడు: "నా సంగతొగ్గీరా. ఆ డ్రైవరు వారం దినాలు అన్నం తినలేదట. ఓపాలి ఎల్లి, నానే సేసినానని ఆడితో సెప్పీ. సాలు."

"అలాగే బావా" అన్నాను. ఆయన నన్ను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. మంగ్లా రెండు కోసులు, అంటే నాలుగు మైళ్ళే. నాలుగు వర్షాకాలాలు గడిచాయి. రేపు వెళ్దాం, వచ్చే ఆదివారం వెళ్దాం అంటూ గడిపేశాను. బావ మాత్రం అప్పుడప్పుడు ఆదివారం అటు వెళ్ళొచ్చేవాడు. పొగాకు కోసమేమో అనుకున్నాను.

నిన్న వెళ్ళాను. డ్రైవరు పొలం గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నాకొచ్చిన ముక్కల ఛత్తీస్‌గఢీలో ట్రాక్టరు సంగతంతా చెప్పేశాను. పీచు పెట్టింది నేను, తిట్లు తిన్నది మా బావ, అన్నం మానింది నువ్వు అని. చేతులు పట్టుకున్నాను. ఏడ్చాను.

అతను ఆశ్చర్యపోలేదు. "తెలుసు భయ్యా" అన్నాడు. "మిస్త్రీ ఆనాడే చెప్పాడు. ఎవరితోనూ అనకు, వాడే వచ్చి చెప్తాడు అన్నాడు. కలిసినప్పుడల్లా అదే అడిగేవాడు, 'ఆయిస్ కా?', వచ్చాడా అని. రాలేదంటే, 'వస్తాడులే, పిల్లడు మంచోడు, భయస్తుడంతే' అనేవాడు."

నాలుగేళ్ళు ఆయన అంత దూరం నడిచి వెళ్ళి, నేను వచ్చానా అని అడిగి, రాలేదని విని తిరిగొచ్చాడు.

డ్రైవరు బీడీ పారేసి లేచాడు. మొహమంతా నవ్వు. "పద భయ్యా, ఇప్పుడే పోయి చెబుదాం. ఇవాళ మిస్త్రీ ఇంట్లోనే ఉంటాడుగా? ఎంత సంతోషిస్తాడో!" అని తలకు తువ్వాలు చుట్టుకుని, గట్టు మీద బిలాస్‌పూర్ వైపు గబగబా నడిచాడు.

ఆగమని కేక వేశాను. వెనక్కి తిరిగి, ఆ నవ్వుతోనే, నేను వచ్చి కలుస్తానని నా కోసం నిలబడ్డాడు.