సుత్తులు ఆగిన చోటు

నా చిన్నప్పుడు మొదటిసారి పదిమందికి కథ చదివి వినిపించింది తలుపు వెనక నిలబడి. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

మాది కార్వేటినగరం. ఎండలు మొదలవగానే పక్కింటి అక్క వాళ్ల వసారాలో ఆడవాళ్లు చేరి చింతపండు కొట్టేవారు. పండును రాతిమీద పెట్టి చిన్న సుత్తితో కొడితే గింజ బయటికి దూకుతుంది. చేతులకు పని ఉన్నా చెవులు ఖాళీయే కదా, అందుకని అక్క వారపత్రికలో కథ చదివి వినిపించేది. నేను గింజలు ఏరుతూ వినేదాన్ని.

ఆ ఏడు బడి వార్షికోత్సవంలో కథ చదవడానికి టీచరమ్మ నన్ను ఎంచుకుంది. ఒక్కదాన్నే ఉంటే బాగానే చదివేదాన్ని. నలుగురి ముఖాలు కనబడితే ఎవరో తరుముతున్నట్టు గబగబా ముగించి కూర్చునేదాన్ని. ఇలాగే చదివితే ఆ కథ వేరే అమ్మాయికి ఇచ్చేస్తానంది టీచరమ్మ. నాకు వదులుకోవాలని లేదు. అక్క దగ్గర కూర్చుని ఏడ్చాను.

మరునాడు అక్క గొంతు పట్టేసిందని అందరికీ సైగ చేసింది. పత్రిక నా చేతిలో పెట్టి, నన్ను గదిలోకి తోసి, తలుపు దగ్గరగా వేస్తూ గుసగుసగా అంది.

“ఈడ్నుంచే సదువు. నిన్నెవురూ సూడరు.”

మొదలుపెట్టాను. బయట సుత్తులు టకటకమంటుంటే నా గొంతు వాటి వెంటపడి పరిగెత్తింది.

“ఏంది మే, ఈ పాపకి బస్సు పోతాదా?” అని ఒకామె అంటే అందరూ నవ్వారు.

ఆపేద్దామనుకున్నాను. కానీ కథలో ఒక ముసలమ్మ, అమ్మేసిన ఆవును సాగనంపుతోంది. పలుపు విప్పేముందు దాని చెవిలో ఏదో చెప్పింది, అన్న వాక్యం దగ్గర చదవలేక ఆగిపోయాను. బయట ఒక సుత్తి ఆగింది. తర్వాత ఇంకొకటి. చివరికి ఏ చప్పుడూ లేదు. మళ్లీ నవ్వుతారని కళ్లు మూసుకున్నాను.

“ఏం చెప్పిందంట పాపా?” ఇందాక ఎగతాళి చేసిన ఆమే, నెమ్మదిగా అడిగింది.

ఆ ఇంట్లో మొండి చెయ్యొద్దు, కుడితి తాగు అని చెప్పిందట. ఆ మాట నిదానంగా చదివాను. ఎవరో ముక్కు చీదారు. అప్పటిదాకా ఎదుటివాళ్ల నిశ్శబ్దమంటే నా తప్పు బయటపడిందనే అనుకునేదాన్ని.

కథ అయ్యాక తలుపు తీస్తే, అక్క వీధిలో పోయే మజ్జిగామెను కేకేసి పిలుస్తోంది. గొంతు కంచులా ఉంది.

వార్షికోత్సవంలో మైకు ముందు ఆగవలసిన చోట ఆగాను. వెనక వరుసలో గుసగుసలు సద్దుమణిగాక మిగతాది చదివాను.

ఇప్పుడు తిరుపతిలో అప్పుడప్పుడూ కథలు చదివి వినిపిస్తుంటాను. మొదట్లో గొంతు ఇంకా పరిగెడుతుంది. ఆగే చోటు దగ్గరపడితే మాత్రం ఆ సుత్తులు ఒక్కొక్కటే ఆగడం గుర్తొచ్చి ఊపిరి కుదుటపడుతుంది.

ఆ వేసవిలోనే అక్కకు పెళ్లయి వేలూరు వెళ్లిపోయింది. మళ్లీ కలవలేదు. బస్సెక్కేముందు నా తల నిమిరి అంది:

“తొందర పడొద్దు పాపా. నువ్వు ఆగితే వాళ్లు యాడికీ పోరు.”