గుచ్చు తాత పళ్లసెట్టు

కడప పళ్ల ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా ఉన్న ఆ రోజుల్లో నేను రోగి నోటి కోసం కాక, మాకు మార్కులు వేసే మేడం కళ్ల కోసం పనిచేసేవాణ్ని. కట్టుడు పళ్లసెట్టు తయారయ్యాక గరుకంతా సానబట్టి, తిరిగే గుడ్డచక్రం మీద పొడితో రుద్ది మెరుగు పెట్టాలి. నేను మెరుగు పెడితే అందులో ముఖం చూసుకోవచ్చు. (మేడం చూసుకున్నారు. పదికి తొమ్మిది వేశారు.)

ఆ తొమ్మిది మార్కుల సెట్టు ఒంటిమిట్ట దారిలోని పల్లె నుంచి వచ్చే ఒక తాతది. వారానికోసారి బస్సెక్కి వచ్చి, "ఈడ గుచ్చుతాండాదప్పా" అని వేలు పెట్టి చూపించేవాడు. "కొత్త చెప్పు కూడా కరుస్తుంది తాతా, అలవాటవుతుందిలే" అనేవాణ్ని. తోటి హౌస్ సర్జన్లు నవ్వేవాళ్లు. గుచ్చు తాత అని పేరు పెట్టిందీ నేనే. నాలుగోసారి ఆయన సెట్టు ఊడదీసి నా బల్ల మీద పెట్టాడు. "చెప్పు కరిస్తే ఇడిసి నడుస్తాం. ఇదో, ఇడిసినా. నువ్వే పెట్టుకోప్పా" అని వెళ్లిపోయాడు.

పది రోజులకు ఆయన కొడుకు ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

"నాయన ఇప్పుడే పోయినాడు సార్. సాయంత్రమే సమాధి. నోరంతా లోపలికి పోయి ఉండాది. మాయమ్మ, 'ఈయన మీ నాయన కాదు, పెట్టెలో పెట్టనీయను' అంటాంది. ఆ పండ్లసెట్టు ఉండాదా?"

ఉంది. ఇక నమిలేది లేదు, గుచ్చినా బస్సెక్కి వచ్చేది లేదు, ఉన్నదున్నట్టు పట్టుకుపోదాం అనుకున్నాను. ఎందుకో లోపలి అంచు వెంట మొదటిసారి వేలు పెట్టి తడిమాను. గుచ్చింది. ఆయన చూపించిన చోటే. జొన్నగింజలో సగం కూడా లేని మొన. (లోపలివైపుకు మార్కులు లేవు.) సానపట్టి నున్నగా చేశాను. గంటలో ఆ ఇంట్లో ఉన్నాను.

వాకిట్లో చర్చి సంఘం వాళ్లు పాటలు పాడుతున్నారు. తాత పై పెదవి ఎత్తి సెట్టు లోపలికి జార్చాను. ముఖం నిండింది. కొడుకు భోరుమన్నాడు. తలాపున కూర్చున్న అవ్వ మాత్రం వంగి చూసి, "ఆఁ, ఈయనే" అంది. తర్వాత నావైపు తిరిగింది.

"గుచ్చదు గదప్పా?"

"గుచ్చదవ్వా. సరిచేసినా."

"ఎంతసేపు పట్టె?"

ఒక పూట అని చెబుదామనుకున్నాను. అబద్ధానికి నోరు రాలేదు.

"అరనిమిషమవ్వా."

అవ్వ తాత పెదవి కొసను వేలితో తుడిచింది. "నెల దినాలు సంగటి పలుచగా కలిపి తాపినా నాయనా. ఆఖర్న ఒక్క కూరముక్క అడిగినాడు, నమల్లేకపాయ" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. కొడుకుతో, "ఇంక పెట్టెలో పెట్టండి" అని కొంగు సర్దుకుంది.

ఇప్పుడు నాకొక చిన్న క్లినిక్ ఉంది. సెట్టు ఇచ్చేముందు లోపలంతా కళ్లు మూసుకుని వేలితో తడుముతాను. "ఈ డాక్టరు శానా నిదానం" అని బయట బెంచీ మీద విసుక్కుంటారు. అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. పళ్లు కనిపించేంత నవ్వు కాదు.