తోక ఊడని మాస్టారు

ఆ ప్రయోగశాలలో శిక్షణ ఇచ్చే మాస్టారికి ఉన్నది ఒకటే పిచ్చి. ఆయన కంటికి మనుషులు మనుషుల్లా కనబడరు, ఏదో ఒక దశలో ఉన్న కప్పల్లా కనబడతారు.

"ఆ గుమాస్తాకి ఇంకా మొప్పలేనయ్యా, పాపం, గట్టెక్కడానికి టైం పడుతుంది," అంటారు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, ఆ డాక్టరుకి ముందుకాళ్ళు మొలుస్తున్నాయని మెచ్చుకుని వచ్చిన ఘనుడు. ఇంట్లో మాత్రం ఈ విద్య చెల్లలేదు. "ముందు మీ తోక ఊడనివ్వండి, తర్వాత ఊరందరి సంగతీ చూద్దురుగాని," అని భార్య ఎప్పుడో తేల్చేసింది.

జీవపరిణామం, పిండం ఎదిగే తీరు నేర్పే ఆ శిక్షణలో సీటు దొరకడమే గగనం. అది సంపాదించుకుని వచ్చిన అమ్మాయిని మాస్టారు ఎగాదిగా చూసి, "గుడ్డు," అన్నారు.

"ఏమిటి సార్?"

"నువ్వేనమ్మా. కంగారుపడకు, మంచి గుడ్డువే."

అమ్మాయికి ఒళ్ళు మండింది. యూనివర్సిటీ ఫస్టు వచ్చినదాన్ని పట్టుకుని గుడ్డంటారా! ఆ పంతంతోనే పనిలో పడింది. కొన్నాళ్ళకి ఆమె పెంచిన తోకకప్పలు తొట్టె నిండా నల్లగా, చురుగ్గా తిరిగాయి. వాటికి కాళ్ళు ఎలా పుడతాయో తేలిస్తేనే ఆమె సీటు నిలుస్తుంది.

ఒక సాయంత్రం బకెట్లలో నిలవ ఉంచిన నీళ్ళు అయిపోయాయి. ఇంటికెళ్ళే తొందరలో కుళాయి నీళ్ళు నేరుగా తొట్టెలో పోసేసింది. వాటిలో క్లోరిన్ ఉంటుందనీ, రోజంతా నిలవ ఉంచితేగాని పోదనీ తెలియక కాదు, గుర్తు రాక. పొద్దున వచ్చేసరికి తొట్టెలో కదలిక లేదు. చిన్న చిన్న నల్లటి ఒళ్ళు అడుగున పేరుకుని ఉన్నాయి. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

డైరెక్టరు మాస్టారి ఎదుటే ఆమెను నిలదీశారు. "నీళ్ళు ఎవరు మార్చారు?"

రోజూ నీళ్ళు మార్చే అటెండరు పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నేనే సార్. కుళాయి నీళ్ళు పోశాను. నా వల్లే చచ్చిపోయాయి."

"అయితే ఇంకేం, ఈ సీటు ఇంకొకరికి ఇచ్చేద్దాం."

మాస్టారు లేచి నిలబడ్డారు. "గెంతలేదని తోకకప్పని బయట పారేస్తారా?"

"మీ కప్పల గోల ఆపండి మాస్టారూ! పనికిరాని వాళ్ళని పనికిరారని ఒక్కసారైనా అన్నారా మీరు?"

"ఎలా అంటానండీ? పనికిరాకపోవడం అనే దశ కప్పల్లో లేదు."

ఆ మాట ఆయన నవ్వకుండా అన్నారు. ఇన్నాళ్ళూ ఆయన వెక్కిరిస్తున్నారనుకున్న అమ్మాయికి అప్పుడు అర్థమైంది. ఆయన ఎవరినీ తీసిపారెయ్యలేదు. ఎదుగుతారని నమ్మి, ఎంతవరకు వచ్చారో చెబుతున్నారు, అంతే.

డైరెక్టరు తల పట్టుకున్నారు. "సరే, మళ్ళీ గుడ్ల దగ్గర్నుంచి మొదలెట్టమనండి."

ఇద్దరూ కలిసి తొట్టె కడిగారు. బకెట్లు నింపి కిటికీ పక్కన వరసగా పెట్టారు.

"నేనింకా గుడ్డేనా సార్?"

"అబ్బే! ఇందాక నిజం చెప్పావే, అప్పుడే వెనకకాళ్ళు వచ్చేశాయి. కప్పకి ముందు వచ్చేవి అవేగా తల్లీ."

"మరి మీది ఏ దశ సార్?"

మాస్టారు ఒకసారి మెడ తిప్పి తన వెనక్కి చూసుకున్నారు.

"ఇంటికెళ్ళి మా ఆవిడని అడిగొస్తానుండు."