కంప్యూటర్ ఆగిపోయినప్పుడు మా బావ

మా బావకు గొంతు ఆపరేషన్ అయిన ఏడాది నుంచి వాళ్ళింట్లో ఆయన తరఫున కంప్యూటరే మాట్లాడేది.

బావ అంటే మా అక్క భర్త. ఓడరేవులో క్రేన్లకు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసేవాడు. గొంతులో ఏదో పుండని వెళితే క్యాన్సర్ అని తేలింది. స్వరపేటిక మొత్తం తీసేసి, మెడ కింద ఊపిరి పీల్చుకోవడానికి చిన్న రంధ్రం పెట్టారు. దాని మీద ఎప్పుడూ పల్చటి తెల్లగుడ్డ ఉండేది. నోరు కదిపేవాడు గాని మాట వచ్చేది కాదు.

మాతో ఏదైనా చెప్పాలంటే కాగితం మీద రాసి చూపించేవాడు. వాళ్ళమ్మతో అలా కుదరదు. ఆమెకు చదువు లేదు, నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయాయి. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలో బావ ఆమె పక్కనే మంచం మీద కూర్చునేవాడు. ఆమె చెయ్యి చాచి ఆయన ముఖమంతా తడిమేది.

"ఏటిరా నాయనా, నామీద కోపమేటి? మాటాడవేటి?"

గొంతు తీసేశారని మేం ఎంత చెప్పినా కాసేపు ఊరుకుని మళ్ళీ అదే అడిగేది. బావ తల దించుకుని ఆమె చెయ్యి పట్టుకునేవాడు. అంతకంటే చేయగలిగింది లేదు.

నేను పరవాడలో ఒక మందుల కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తాను. రోజంతా కంప్యూటర్ ముందే పని. అందుకని బంధువుల్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా నాకే ఫోన్ వస్తుంది. మల్కాపురంలో బావ వాళ్ళింట్లో కూతురి చదువు కోసం కొన్న పాత కంప్యూటర్ ఒకటి మూల పడి ఉండేది. తెలుగులో టైప్ చేస్తే పైకి చదివే ప్రోగ్రాం వెతికి అందులో పెట్టాను. అందులో ఒకటే మగగొంతు. అక్షరాలను విడివిడిగా, ఎత్తుపల్లాలు లేకుండా పలికేది.

మొదటిసారి బావ "అమ్మా, నానే" అని టైప్ చేశాడు. కంప్యూటర్ ఆ మాట పలకగానే ముసలామె ఉలిక్కిపడింది.

"ఎవులా మాటాడతన్నది?"

బావ ఆమె అరచేతిని తీసుకుని తన వేళ్ళ మీద పెట్టుకున్నాడు. మళ్ళీ అవే అక్షరాలు నొక్కాడు. చేతికింద కొడుకు వేళ్ళు కదలడం, వెంటనే మాట రావడం ఆమెకు తెలిసింది. ఇంకోసారి అనమంది. మరోసారి అనమంది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆనాటి నుంచి పొద్దున టీ తాగాక ఇద్దరికీ అదే పని. ఆమె కుర్చీ కంప్యూటర్ బల్ల దగ్గరికి జరిగింది. ఎవరింట్లో ఏం జరిగింది, ఈసారి ఎండలెలా ఉన్నాయి, బావ వాళ్ళ నాన్న బతికుండగా ఫలానా పెళ్ళిలో ఎందుకు అలిగాడు, ఇవే కబుర్లు. బావ తను మాట్లాడే యాసలోనే టైప్ చేసేవాడు. కంప్యూటర్‌కు ఆ యాస పలకడం వచ్చేది కాదు. అయినా ఆమెకు అర్థమయ్యేది. కొన్నాళ్ళకు అది తన కొడుకు గొంతేనన్నట్టు అలవాటు పడిపోయింది.

అది మొదటిసారి ఆగిపోయిన ఆదివారం నేను అక్కడే ఉన్నాను.

"యారాడ సేపలమ్మి వచ్చిందేటిరా?" అని అడిగిందామె.

సముద్రం పోటు మీద ఉంది, రాలేదని బావ టైప్ చేశాడు. కంప్యూటర్ "సముద్రం" దాకా వచ్చి ఇరుక్కుపోయింది. "ద్రం ద్రం ద్రం" అని అదే ముక్క ఎడతెగకుండా మోగింది. తెర బిగుసుకుపోయింది. మౌస్ జరిపినా బాణం జరగలేదు.

ముసలామె కుర్చీలోంచి లేచి కొడుకు చొక్కా పట్టుకుంది.

"నాయనా! ఏటైపోనాది నీకు? ఓలమ్మో, ఎవులైనా రండర్రా, నా కొడుక్కి ఊపిరాడతం లేదు!"

బావకు ఏమీ కాలేదు. ఆ సంగతి చెప్పడానికి ఆయన దగ్గర మాట లేదు. నేను ప్లగ్గు పీకేశాను. చప్పుడు ఆగిపోయింది. అప్పుడామె మరింత భయపడింది. అక్క పరుగున వచ్చి పట్టుకుంది.

"అత్తా, ఆరికేటీ కాలేదు. మిసన్ను ఆగిపోనాది, అంతే."

ఆమె నమ్మలేదు. బావ ఆమె చేతిని తన మెడ దగ్గరికి తీసుకెళ్ళి, గుడ్డ పక్కకు తీసి, ఆ రంధ్రం ముందు పెట్టాడు. వెచ్చటి గాలి వచ్చి వేళ్ళకు తగిలాక గాని ఆమె కూర్చోలేదు. అప్పటిదాకా ఆమె అక్కడ చెయ్యి పెట్టలేదు. కొడుకు ఎక్కడినుంచి ఊపిరి తీస్తున్నాడో ఆమెకు ఆ రోజే తెలిసింది.

కాసేపయ్యాక మళ్ళీ ఆన్ చేస్తే కంప్యూటర్ మామూలుగానే వచ్చింది. కొద్ది రోజులకు అదీ లేకుండా పోయింది. బటన్ నొక్కితే లోపల ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగానే ఉంటుంది, బీప్ బీప్‌మని అరుస్తుంది. సెలవు రోజున వెళ్ళి డబ్బాను వరండాలోకి తెచ్చి విప్పాను. లోపల నల్లటి దుమ్ము మెత్తగా పరుచుకుని ఉంది. ఓడరేవు బొగ్గు గుట్టల నుంచి ఎగిరొచ్చి అక్కడ కిటికీ అంచుల మీదా, ఆరేసిన బట్టల మీదా పడే దుమ్మే. బావ బ్రష్ తెచ్చి ఫ్యాన్ రెక్కలు ఒక్కొక్కటీ తుడిచాడు. మీటర్ పెట్టి కరెంటు సరిగ్గా అందుతోందని చూసి తలూపాడు. నేను మెమరీ ముక్క ఊడదీశాను. ఉప్పుగాలికి దాని అంచులు మసకబారాయి. పిల్లలు వాడే రబ్బరుతో రుద్ది, మళ్ళీ బిగించి, బటన్ నొక్కాం. తెర వెలిగింది.

బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. లోపల్నుంచి ముసలామె అడిగింది.

"వచ్చీసినాడేటి మా వోడు?"

ఆ సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు. డిస్క్ దొరకడం లేదని తెర మీద ఒక్క వరస వచ్చి ఆగిపోయిందని అక్క ఫోన్ చేసింది. నేను వెళ్ళి డబ్బాకు చెవి ఆనిస్తే లోపల టిక్కు టిక్కుమని గీరుకుంటున్న చప్పుడు. హార్డ్ డిస్క్ పోయిందని అర్థమైంది. డాబాగార్డెన్స్‌లో నాకు తెలిసిన షాపతను ఆ మోడల్‌కు సరిపడేది తెప్పించాలి, కొన్నాళ్ళు పడుతుందన్నాడు.

ఈలోగా ఫోన్‌తో సర్దుకోవచ్చనుకున్నాను. ఫోన్లోనూ అలా చదివేది ఉంది, కానీ దాంట్లో వచ్చింది ఆడగొంతు. "అమ్మా, టీ తాగినావా" అని అది పలకగానే ముసలామె ముఖం తిప్పేసుకుంది.

"ఈవిడెవుల్రా? నా కొడుకుని పిలు."

బావ ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ దాన్ని ఆమె ముందు బయటికి తీయలేదు.

ఆమె రోజురోజుకీ ముడుచుకుపోయింది. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చాలనేది. పొద్దున్నే అలవాటుగా కంప్యూటర్ బల్ల దగ్గరికి గోడ పట్టుకుని నడిచి, కుర్చీలో కూర్చుని, కీబోర్డు మీద చెయ్యి పెట్టి చూసేది. ఆమె కోసం బావ ఆ ఆగిపోయిన కీబోర్డు మీదే వేళ్ళు పెట్టి కదిపేవాడు. మాట వచ్చేది కాదు. "ఇంక రాదులే" అని అక్కతో అందట.

కొత్త డిస్క్ వచ్చిందని షాపతను చెప్పిన మధ్యాహ్నం దాన్ని తీసుకుని నేరుగా మల్కాపురం వెళ్ళాను. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే గదిలోంచి ఒక చప్పుడు వినిపించింది. తేన్పులా, నీళ్ళలోంచి వచ్చినట్టు బరువుగా ఉంది. బావకు ఏదో అడ్డం పడిందనుకుని లోపలికి పరిగెత్తబోయాను. గది తలుపు దగ్గర నిలబడి ఉన్న అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండు. మీ బావ మాటాడతన్నారు."

ఆస్పత్రిలో ఆయనకు ఒక పద్ధతి నేర్పారట. గాలిని మింగి, దాన్ని గొంతులోంచి పైకి తెచ్చి, నోటితో మాటగా మలచాలి. డిశ్చార్జికి ముందు కొన్నాళ్ళు సాధన చేశాడట. ఆ శబ్దం తనకే అసహ్యమేసి మానేశాడట. ఈ సంగతి అక్క నాకెప్పుడూ చెప్పలేదు.

బావ మంచం అంచున వాళ్ళమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో అన్నం పళ్ళెం ఉంది. నుదుటి మీద చెమట. గాలి మింగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ అన్నాడు.

"మ్... మా."

ముసలామె తలెత్తింది.

"ఏటన్నావు? మళ్ళీ అను."

"అమ్... మా."

ఆమె చేతులు ఆయన బుగ్గల మీదికి, పెదాల మీదికి, మెడ మీదికి వెళ్ళాయి. ఎవరిదా గొంతని అడగలేదు.

"నువ్వేరా. నువ్వే."

బావ ముద్ద కలిపాడు. మళ్ళీ గాలి మింగాడు.

"తి... ను."

ఆమె నోరు తెరిచింది. ఆయన ముద్ద పెట్టాడు. అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను డిస్క్ ఉన్న సంచీని చప్పుడు కాకుండా గోడవార పెట్టాను.

సాయంత్రం కొత్త డిస్క్ బిగించి, అన్నీ మళ్ళీ ఎక్కించాను. పాత గొంతు కూడా దొరికింది. పెద్ద పెద్ద సంగతులకు బావ దాన్నే వాడేవాడు. చిన్న మాటలన్నీ మాత్రం సొంతంగా అనేవాడు. రోజూ అక్కతో కూర్చుని సాధన చేసేవాడు. బజారులో జనం తిరిగి చూస్తే మొదట్లో ఇంటికొచ్చి చాలాసేపు పలికేవాడు కాదు. తర్వాత తర్వాత వాళ్ళ చూపులు పట్టించుకోవడం మానేశాడు.

ఆ వానాకాలంలో ముసలామె చనిపోయింది. జ్వరమని పడుకుని మళ్ళీ లేవలేదు.

శ్మశానానికి వెళ్ళే దారిలో దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. పోయినవాళ్ళలో ప్రాణం ఏమైనా మిగిలుందేమోనని కొడుకు వాళ్ళ చెవిలో మూడుసార్లు పిలవాలి. వాన సన్నగా పడుతోంది. బంధువుల్లో ఒక పెద్దాయన బావ దగ్గరికొచ్చాడు.

"నీవల్ల కాదు కదరా. మీ సిన్నాన్న కొడుకు పిలుత్తాడులే. తప్పులేదు."

బావ వద్దని చెయ్యి ఊపాడు. తడి నేల మీద మోకాళ్ళు మోపి కూర్చుని, ఆమె చెవి దగ్గరికి వంగాడు. గాలి మింగాడు.

"అమ్మా."

స్పష్టంగానే వచ్చింది. మళ్ళీ పిలవడానికి ఆయనకు కొంత సమయం పట్టింది. డప్పులవాళ్ళు చేతులు దించుకుని నిలబడ్డారు. ఎవరూ తొందర పెట్టలేదు. మూడోసారి పిలిచాక ఆయన తన చెవిని ఆమె పెదాల దగ్గరికి వంచాడు. జవాబు కోసం చూస్తున్నట్టే అనిపించింది.

తర్వాత లేచి నిప్పుల కుండ అందుకున్నాడు. వాన తగలకుండా దాని మీద నేను గొడుగు పట్టాను. ఇద్దరం ముందు నడిచాం.